పెరట్లో కదలని గుర్రం

ఆదివారం పొద్దున బీమా ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు కొత్త పొట్టిగుర్రం ఎక్కి పెరట్లో ఒక్క చుట్టు తిరుగుతుంది. తాను ఫోనులో వీడియో తీస్తాడు. కాఫీ తాగేలోపు అది బావమరిదికి చేరిపోతుంది. "పిల్లిని ఎత్తుకోవడమే రాదు, నీకు గుర్రమెందుకు బావా?" అని నలుగురిలో నవ్విన ఆ పెద్దమనిషి నోరు దాంతో మూతపడుతుంది.

నష్టపరిహారం అడిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పగిలిన అద్దాలనూ కాలిన గోడలనూ ఫోటోలు తీయడం ఈయన ఉద్యోగం. ఫోటో లేని నష్టం ఈయన లెక్కలో నష్టమే కాదు. ఆ అలవాటు ఇంటికీ పాకింది. పాలు పొంగితే ముందు ఫోటో, ఆ తరవాతే పొయ్యి ఆపడం. గుర్రాన్ని కిందటి ఆదివారమే కొన్నా, వారమంతా ఆఫీసు పనితో సరిపోయి, దాని ముఖం తీరిగ్గా చూడటం ఇవాళే.

తొమ్మిదేళ్ళ కూతురు టోపీ బిగించుకుని జీను మీద కూర్చుంది. గుర్రం రెండడుగులు వేసింది. ఆయన ఫోను ఎత్తాడు. అంతే, గుర్రం ఆగిపోయి, మెడ నిక్కించి, పెళ్ళికొడుకులా నిలబడింది.

"మడమలతో తట్టమ్మా!"

"తట్టాను నాన్నా."

"కళ్ళెం వదులు చెయ్యి."

"వదులుగానే ఉంది. నాన్నా, నువ్వా ఫోను…"

"మధ్యలో మాట్లాడకు. రికార్డవుతోంది."

అరగంటైనా గుర్రం కదల్లేదు. ఆయన ఆ వీడియోని గుర్రపుస్వారీ నేర్పే ఒకాయనకు పంపాడు. ఆ మహానుభావుడు ఉన్నచోటు నుంచే రోగం కనిపెట్టాడు. "గుర్రానికేం లేదండీ. పాప భయపడుతోంది. అది దానికి తెలిసిపోయింది."

"నాకేం భయం లేదు," అంది పాప.

"భయమున్నవాళ్ళందరూ ఇదే మాటంటారు," అని తండ్రి ఆమె చేత గుండెలనిండా ఊపిరి పీల్పించి వదిలించాడు, మళ్ళీ పీల్పించాడు. పాపకు కళ్ళు తిరిగాయి గాని గుర్రం తిరగలేదు.

అయితే గుర్రం కాల్లోనే ఏదో ఉందని, పక్క వీధిలో ఉండే పశువుల డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ తాడు పట్టుకోగానే గుర్రం వెంట టకటకా నడిచింది.

"కుంటుతోంది కదండీ? ఉండండి, తీస్తాను," అంటూ ఆయన ఫోను బయటికి తీశాడు. గుర్రం ఠక్కున ఆగింది.

"ఇప్పటిదాకా బాగానే నడిచిందే!" అంది డాక్టరమ్మ.

"చూశారా? నేను చెప్పలా, లోపల ఏదో ఉందని!" అన్నాడు ఈయన, ఏదో గెలిచినట్టు. డాక్టరమ్మ గుర్రాన్ని వదిలేసి ఆయన్ని కాసేపు పరీక్షగా చూసి వెళ్ళిపోయింది.

"ఏమండీ, ఇక చాలు, లోపలికి రండి," అంది భార్య గుమ్మంలోంచి. ఆమె ఇంకేదో చెప్పబోయి కూతురి వంక చూసి మానుకుంది. ఈయన వింటేగా! గుర్రాల సంగతి తెలిసినవాళ్ళు దయచేసి మా ఇంటికి రావాలని వీధివాళ్ళందరికీ ఒక సందేశం పెట్టాడు. తెలిసినవాళ్ళు ఒక్కరూ రాలేదు. తక్కిన వీధంతా వచ్చింది. ప్రహరీగోడ పొడవునా తలలు లేచాయి, తలల కంటే ఎత్తున ఫోన్లు లేచాయి. గుర్రం ఆనందానికి హద్దు లేదు. ఛాతీ విరిచి, కనురెప్ప కూడా వెయ్యకుండా నిలబడింది.

"వెనకనుంచి తొయ్యండి సార్!"

"బెల్లం చూపించండి!"

"ఇంతకీ అది గుర్రమా, బొమ్మా?" అన్నారెవరో. గోడంతా ఘొల్లుమంది.

"నాన్నా, వాళ్ళందర్నీ ఫోన్లు…" అంది పాప.

ఆయనకు ఒళ్ళు మండిపోయింది. "నోర్మూసుకో! గుర్రం బంగారంలాంటిదండీ. మా అమ్మాయే ఒట్టి చేతకానిది! ఈ సాయంత్రమే గుర్రాన్ని తిరిగి ఇచ్చేస్తున్నా!"

గోడ మీద నవ్వు ఆగిపోయింది. పాప జీను మీంచి దిగింది. గుర్రం మెడ గట్టిగా కావలించుకుంది.

"ఇచ్చెయ్యొద్దు నాన్నా. ఇంకొక్క వారం ఆగు. నేను దానికి నేర్పిస్తున్నా."

"నువ్వు నేర్పిస్తున్నావా? ఏంటి?"

పాప జేబులోంచి నల్లటి సబ్బుపెట్టె ఒకటి తీసింది. "ఇది పార్కులో ఫోటోలకి నిలబడిన గుర్రం. ఫోను కనబడితే కదలకూడదని అలవాటు చేశారంట. అమ్మినాయన చెప్పాడుగా. నువ్వప్పుడు వీడియో తీస్తున్నావు. రోజూ స్కూలు నుంచొచ్చాక అమ్మ ఈ పెట్టెని ఫోనులా పట్టుకుంటుంది, నేను నడిపిస్తా. నిన్న నాలుగడుగులు వేసింది."

"మరి నాకు ముందే చెప్పొద్దా తల్లీ?"

"చెబితే నువ్వు వీడియో మానుకోవాలిగా. మామయ్యకి పంపాలని నీకెంత ముచ్చట! ఇవాళ్టికల్లా నేర్పేద్దామనుకున్నా. నీకు చెప్పొద్దని అమ్మ దగ్గర ఒట్టు కూడా వేయించుకున్నా. ఇవాళ నేనే చెబుతుంటే నువ్వే విన్లేదు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. పొద్దుట్నుంచీ లోపం కోసం పిల్లనీ గుర్రాన్నీ వెతికాడే, అది తన కుడిచేతిలో వెచ్చగా ఉంది. తన ముచ్చట కోసం వారం రోజులు పాటుపడ్డ పిల్లని పదిమందిలో చేతకానిదన్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. గోడ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"దయచేసి మీరందరూ కూడా ఫోన్లు లోపల పెట్టెయ్యండి."

గోడ మీది ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. పాప కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఎక్కింది. గుర్రం చుట్టూ ఒకసారి చూసుకుని, ఇక చేసేదేముందన్నట్టు నడక మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. మూడో చుట్టులో చిన్నగా పరుగు కూడా తీసింది. పాప ముఖం విప్పారిపోయింది.

"చేతకానిది మా అమ్మాయి కాదండీ, నేను!" అన్నాడాయన, గోడ చివరివాళ్ళకి కూడా వినబడేలా. కూతురి వైపు తిరిగాడు. "తప్పయిపోయిందిరా తల్లీ. గుర్రం మనింట్లోనే ఉంటుంది."

"సరేలే నాన్నా. పక్కకి జరుగు, దారికి అడ్డంగా ఉన్నావు," అంది పాప, గుర్రాన్ని ఆపకుండానే.

మధ్యాహ్నానికల్లా గోడ మీంచి ఎవరో తీసిన వీడియో ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి బావమరిదికి చేరింది. అందులో ఆయన కూతుర్ని తిట్టిన తిట్లు ఒక్క ముక్క పోకుండా ఉన్నాయి. తప్పయిపోయిందన్న మాట మాత్రం, ఆయనే అడిగి మరీ ఫోన్లన్నీ లోపల పెట్టించాడు కనక, ఎవరి దగ్గరా లేదు.