నలభై ఒకటో టోకెన్ చెప్పులు

రాజకీయ నాయకుడు పదవి పోయాకే ప్రజాసేవకుడవుతాడన్నది ఇంతవరకూ ఎవరూ ఖండించని సూత్రం. పరశురాం విషయంలో అది తేదీలతో సహా రుజువైంది. 2019 ఫిబ్రవరి 2న సర్పంచ్‌గా ప్రమాణం చేసి, మేకకూరతో మూడు జొన్నరొట్టెలు తిన్నాడు. (మిగతా మేకను ఊరు తిన్నది.) ఐదేళ్లకు పదవి పోయింది. వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ పట్టుకుని మండలాఫీసులో రెండో కిటికీ దగ్గర ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్‌గా చేరాడు. ఒకప్పుడు చూడకుండా సంతకాలు పెట్టేవాడు. ఇప్పుడు ఆ సంతకాల ఫలితాలు కిటికీ అవతల వరుసగా నిలబడుతున్నాయి.

ఒకరోజు ఆ వరుసలో ముసలి నాగులమ్మ వచ్చింది.

"మూన్నెల్లాయె కొడుకా, బియ్యం ఇస్తలేరు. నేను సచ్చిపోయిన్నట."

పరశురాం కంప్యూటర్లో చూశాడు. నిజమే, చనిపోయింది. ధ్రువీకరించినది సర్పంచ్ పరశురాం.

"గట్ల రాసిచ్చినోడెవడు?"

"నేనే, అవ్వా."

"నువ్వేనా? పోనీ తీ. వేరేటోడైతే తిట్టేదాన్ని."

(ఆ ఆఫీసులో ఇంత త్వరగా ఏ ఫిర్యాదూ ముగిసిన దాఖలా లేదు.)

బియ్యం సంగతి మాత్రం ముగియలేదు. సూపరింటెండెంట్ అశోక్‌కుమార్ నియమావళి తెరిచాడు. చనిపోయిందని రాసిచ్చినవాడే బతికుందని సాక్ష్యం చెప్పాలి. సాక్షి టోకెన్ తీసుకుని క్యూలో రావాలి.

"సాక్షి ఈడనే ఉన్నడు గద సార్. నేనే."

"కుర్చీల కూసున్నోడు ఆపరేటర్. సాక్షి అవుతల నిలబడాలె. పో."

పరశురాం అవతలికి పోయి నలభై ఒకటో టోకెన్ తీసుకున్నాడు. అరగంటైనా క్యూ కదల్లేదు. కిటికీలో ఎవరూ లేరు మరి.

"ఆ ఆపరేటర్‌గాడు ఏడ సచ్చిండో!" అన్నాడు ముందు నిలబడ్డ గాలయ్య.

"వాళ్లు గంతే," అన్నాడు పరశురాం. అనగానే ప్రాణం హాయిగా అనిపించింది, ప్రతిపక్షంలో ఉన్నట్టు.

చివరికి నాగులమ్మే దారి చూపింది. "యూరియా లైన్ల ఎట్ల జేస్తం? చెప్పులు ఈడ ఇడిచి నువ్వు లోపలికి పో."

పరశురాం వట్టికాళ్లతో లోపలికి పోయి కూర్చున్నాడు. క్యూ కదిలింది. నాగులమ్మ అతని చెప్పులను కాలితో ముందుకు జరుపుతూ వచ్చింది. "నీకన్న నీ చెప్పులే నయం కొడుకా. ఎనకకు తిరగకుంట నడుస్తున్నయి."

నలభై ఒకటి పిలిచాడు. చెప్పులు కిటికీ ముందుకు వచ్చాయి. సాక్షి పేరు అడిగి, తానే చెప్పి, రాసుకున్నాడు. "బతికించు" అన్న నీలం బొత్తాం నొక్కాడు. నాగులమ్మ బతికింది. సంచిలోంచి సగం రొట్టె తీసి కిటికీలోంచి ఇచ్చి, ఇంటికి పోయింది.

ఐదింటికి అందరూ వెళ్లిపోయాక కూడా నాగులమ్మ పేరున్న ఆ పాత మృతుల జాబితా తెర మీదే ఉంది. నాగులమ్మ పైన మొదటి పేరు కోమల, పరశురాం భార్య. ఆమె దినాల నాడు ఆ జాబితా తెచ్చిస్తే, ఆ మొదటి పేరు చూసి, మిగతావి చదవకుండా సంతకం పెట్టాడు. ఆ ఒక్క పేరులో తప్పేమీ లేదు. దాని పక్కన కూడా నీలం బొత్తాం ఉంది. కింద చిన్న అక్షరాల్లో, "దరఖాస్తుదారు స్వయంగా రావలెను" అని ఉంది.

పరశురాం ఆరున్నర దాకా కౌంటర్ తెరిచే ఉంచి, తర్వాత చప్పుడు కాకుండా తలుపు మూశాడు.