వీరావల్‌కి లెక్కల క్యాసెట్టు

రెండు లుంగీలు, మూడు చొక్కాలు, ఎండు నెత్తళ్ళ పొట్లం, ఊరగాయ సీసా. పైడయ్య సంచి సర్దుతున్నాను. సీసా మూత బిగిసిందో లేదో ఆరుసార్లు తిప్పి చూశాను.

పైడయ్య మా తమ్ముడి కొడుకు. మా మూలపేట మగాళ్ళలాగే వాడూ ఆగస్టు రాగానే గుజరాత్‌లోని వీరావల్ రేవుకి వెళ్ళి, ఎవరి బోటులోనో చేపల వేట చేసి, మే నెలకి తిరిగొస్తాడు. పదో తరగతిలో లెక్కలొక్కటే తప్పాడు. వచ్చే జూన్‌లో అది గట్టెక్కితే ఊళ్ళోనే ఏదో పని చూసుకుంటాడు, ఇక వెళ్ళడు. ఇదీ నా ఎత్తు.

ఎత్తు నాది, గొంతు మా ఆయనది. నారాయణరావు గారు లెక్కల మాష్టారు. తొమ్మిది నెలల పాఠం ఈ సంచిలో పట్టాలి.

"వీడియో తీయించేద్దాం. టెక్కలిలో పెళ్ళిళ్ళు తీసినోడు సీడీలో ఎక్కించేత్తాడు. ఇస్త్రీ సొక్కా తియ్యి" అన్నారు.

"బోటులో టీవీ ఉంటాదేటి?" అన్నాను.

"రేవులో గది లేదా?"

"గదిలో పద్దెనిమిది మందిమి, టీవీ ఒకటి" అన్నాడు పైడయ్య. "సినిమా ఆపి మావ మొకం సూడమంటే నన్ను సంద్రంలోకి గెంటేత్తారు."

"మరి బోటులో ఏటుంది?"

"టేప్‌రికార్డరుంది అత్తా."

ఇస్త్రీ చొక్కా తిరిగి పెట్టెలోకి వెళ్ళిపోయింది.

మా ఆయన వసారాలో నల్లబల్ల పెట్టుకుని, క్యాసెట్టు తిరుగుతుండగా అరగంట దంచారు. తర్వాత వేసి విన్నాం. "ఇదిగో, ఈ గీత సూడు. దీన్ని తెచ్చి దానికి కలుపు. తెలిసిందా? ఆఁ, అదీ!"

"ఏది దేనికి?" అన్నాను.

"బల్ల మీద సూపించాను కదే!"

"క్యాసెట్టుకి కళ్ళున్నాయా?"

"బుర్రున్నోడికి తెలుత్తాది."

పైడయ్యకి పలక ఇచ్చాం. క్యాసెట్టు చెప్పినట్టే గీశాడు. ఎండ్రకాయ వచ్చింది. మా ఆయన పలక లాక్కుని తనే గీశారు. ఆయనదీ ఎండ్రకాయే. కాళ్ళు రెండు తక్కువ.

నేను చదువుకున్నది వంటింటి గోడవతల నుంచి ఆయన పాఠాలు వినే. నల్లబల్ల నాకెప్పుడూ కనబడలేదు. అందుకే టేప్‌రికార్డరు నా ముందుకు జరుపుకున్నాను.

"పైడయ్యా, తెరసాప తలుసుకో. నిలువుగా కొయ్య. దాని అడుగున అడ్డంగా ఇంకో కొయ్య. రెండూ కలిసిన మూల లంబకోణం. ఆ పై కొసకీ ఈ పక్క కొసకీ కట్టిన తాడే కర్ణం."

పలక మీద త్రిభుజం నిలబడింది.

"ఈ ఇంట్లో మాష్టారెవరు?" అన్నారు మా ఆయన, మొహం ముడుచుకుని.

"మీరే. నేను బల్లని."

అలా ఆయన లెక్క చెప్పారు, నేను బొమ్మ చెప్పాను. నాలుగు క్యాసెట్లయ్యాయి. పైడయ్య మేలో వచ్చాడు, జూన్‌లో పరీక్ష రాశాడు. అరవై ఒక్క మార్కులు. నా అంత తెలివైన మనిషి ఉద్దానంలో లేదని వారం రోజులు నడుం మీద చెయ్యేసుకుని తిరిగాను.

జూలైలో వీరావల్ నుంచి బోటు యజమాని ఫోను చేయించాడు. లెక్కలు పాసైన తెలుగు మనిషి రేవు ఆఫీసుకి కావాలట. నీడపట్టున పని. బోటెక్కక్కర్లేదు. ఏడాది పొడుగునా ఉండాలి.

"పాఠం మరీ బాగా సెప్పేసేవే" అన్నారు మా ఆయన, మెల్లగా.

మళ్ళీ సంచి సర్దాను. క్యాసెట్లు వద్దన్నాడు, నేర్చేసుకున్నానన్నాడు.

పైడయ్య 2003 ఆగస్టు పదకొండున వెళ్ళాడు. ఆ ఆఫీసులోనే ఉండిపోయాడు, మళ్ళీ ఊరికి రాలేదు.