ఏ లోపమూ లేని విజయరత్నం

శుక్రవారానికి విజయరత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, వేయించిన ఎండుచేపల డబ్బా సంచిలో పెట్టుకుని, అబుదాబి పక్కనున్న మఫ్రఖ్ క్యాంపు నుంచి రెండు మూడు బండ్లు మారి రాస్ అల్ ఖైమాలో భార్య దగ్గరికి చేరాలి. దయాకుమారి అక్కడ ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయి నాలుగేళ్ళయినా కాపురం మాత్రం శుక్రవారాలకే పరిమితం. తమ కంపెనీ రాస్ అల్ ఖైమాలో కొత్త యార్డు తెరవబోతోందని, అక్కడికో స్టోర్‌కీపరు కావాలని విన్న రోజు నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

ఆ పథకం తలకిందులు కావడానికి కారణం ఒక ఎలుక. ముందురోజు ఐకాడ్ పారిశ్రామికవాడలోని కంపెనీ స్టోరులో అది కన్వేయర్ బెల్టుల మధ్య దూరింది. విజయరత్నం ఇనుప పైపు తీసుకుని, నడుం తిప్పి, భుజం మీదుగా ఒక్క ఊపు ఊపాడు. ఎలుక తప్పించుకుంది, విజయరత్నం తప్పించుకోలేకపోయాడు. కిటికీలోంచి మేనేజరు హయాత్ బాషా ఆ ఊపు చూశాడు. ఈ కడప పెద్దమనిషి ఈమధ్యే గోల్ఫ్ మొదలుపెట్టాడు.

"ఏమప్పా విజయరత్నం, ఊపు భలే ఉందే. నీ హ్యాండిక్యాప్ ఎంత?"

మొదటి మాట ఎలుక తాలూకు ఎగతాళి అనుకున్నాడు గానీ, రెండో మాటకు విజయరత్నం పైపు కింద పడేసి నిటారుగా నిలబడ్డాడు. వీసా రెన్యువల్ మెడికల్ మొన్ననే అయింది, రిపోర్టు ఇంకా రాలేదు. గల్ఫ్ వచ్చినవాడి ఒంట్లో లోపముందని తేలితే విమానం ఎక్కించడమే. పైగా 'ఎంత' అంటున్నాడు. బాపట్లలో వాళ్ళ చిన్నాన్నకు కాలు బాగోలేదని నలభై శాతం సర్టిఫికెట్టు ఇచ్చారు. ఇదీ ఆ లెక్కే అయి ఉండాలి.

"సున్నా సార్. ఏ లోపమూ లేదండి. పుట్టినకాడి నుంచీ సున్నానే."

గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అంటే బలహీనుడికి ఆటలో ఇచ్చే రాయితీ. అంకె పెరిగినకొద్దీ ఆట అంత అధ్వానమన్నమాట. సున్నా అంటే ఏ రాయితీ అక్కర్లేని మొనగాడు. హయాత్ బాషా కళ్ళు పెద్దవి చేశాడు. "ఇట్లాంటోన్ని పెట్టుకుని స్టోర్లో బెల్టులు లెక్క పెట్టిస్తున్నానే. రేపు పొద్దున్నే క్యాంపు గేటు కాడ ఉండు. రాస్ అల్ ఖైమా పోతాండాం."

ఊరికే వచ్చిన సవారీ అని విజయరత్నం సంబరపడ్డాడు. తెల్లవారుజామునే చేపల డబ్బాతో కారెక్కాడు.

"క్వారీ ఫహ్మీ సాబ్ బెల్టుల ఆర్డరిస్తేనే మనకు యార్డు," అన్నాడు హయాత్ బాషా దారిలో. "ఆయనది ఇరవై ఎనిమిది, నాది ముప్పై ఆరు. నువ్వు సున్నా అని ఫోన్లో చెప్తే మురిసిపోయినాడు."

విజయరత్నం జాలితో మేనేజరును ఎగాదిగా చూశాడు. "మీకు ముప్పై ఆరంటే నమ్మలేకపోతన్నానండి. చూడ్డానికి బాగానే ఉన్నారు."

"కార్లో ఏం తెలుస్తాది? దిగినాక చూద్దువులే."

అయితే కాళ్ళే అనుకున్నాడు విజయరత్నం. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు భార్యకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి విషయమూ, వెళ్తున్న చోటూ చెప్పాడు.

"బయటికి కనపడకుండా అంత శాతమంటే వెన్నుపూస అయ్యుంటది," అంది దయాకుమారి. "వాళ్ళని వంగనివ్వకండి. డ్యూటీ దిగంగానే నేనూ అక్కడికే వస్తా."

తీరా చేరుకున్నాక చూస్తే అది ఎడారి. గడ్డిపోచ లేదు. ఎవరి గడ్డి వాళ్ళే తెచ్చుకున్నారు. చేటంత ప్లాస్టిక్ గడ్డి ముక్క ఇసుక మీద పరిచి, దానిమీద బంతి పెట్టి కర్రతో కొట్టాలి. నూనె కలిపి నున్నగా చదును చేసిన ఇసుకలో జెండా పాతిన గుంట ఉంటుంది. బంతి అందులో పడాలి. అలాంటి గుంటలు తొమ్మిది. నడవమని డాక్టరు చెప్పి ఉంటాడు, ఊరికే నడిస్తే విసుగని ఈ ఏర్పాటు చేసుకున్నారు పాపం, అని విజయరత్నం అర్థం చేసుకున్నాడు.

ఫహ్మీ భారీ మనిషి. ఈజిప్టు ఇంజనీరు, క్వారీ యజమాని. సైట్ల మీద నేర్చిన హిందీలో, "యల్లా ఛాంపియన్, నువ్వే ముందు," అంటూ కర్ర అందించాడు.

మొదటి దెబ్బకు ఇసుక లేచింది గానీ బంతి లేవలేదు. "గాలి ఎటుందో చూస్తాన్నాడు," అని హయాత్ బాషా సర్దిచెప్పాడు. రెండో దెబ్బకు బంతి పక్కకు పోయి, రాతికి తగిలి, ముళ్ళపొదలో పడింది. విజయరత్నం కొంచెమైనా సిగ్గుపడలేదు. రోగిష్టివాళ్ళ ముందు ఆరోగ్యవంతుడు బడాయికి పోకూడదు కదా.

"నన్ను తేలిగ్గా తీసుకుంటున్నాడు," అని ఫహ్మీ పళ్ళు బిగించి, తన జన్మలో లేనంత బాగా కొట్టాడు.

ఇక అక్కడి నుంచి విజయరత్నం సేవ మొదలైంది. ఫహ్మీ గడ్డి ముక్క తనే పరిచాడు, బంతి తనే పెట్టాడు, దిబ్బ దిగేటప్పుడు మోచేయి పట్టుకున్నాడు. ఫహ్మీ బంతి గుంటకు రెండు బారల దూరంలో ఆగితే, "వంగకండి సార్, పడినట్టే," అని ఎత్తి చేతికిచ్చాడు. ఎదుటివాడి చివరి దెబ్బను కొట్టకుండానే ఒప్పేసుకోవడం ఆ ఆటలో పెద్ద మర్యాద. మరీ దగ్గరగా ఉంటేనే అలా ఒప్పుకుంటారు. విజయరత్నం తొమ్మిది గుంటల దగ్గరా ఒప్పుకున్నాడు. హయాత్ బాషాకూ అదే సేవ చేశాడు.

ఫహ్మీ గెలిచాడు. ఇన్నేళ్ళలో ఆయన గెలవడం ఇదే మొదలు. కళ్ళు తుడుచుకుంటూ అలెగ్జాండ్రియాలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడు. సున్నా హ్యాండిక్యాప్ వాణ్ణి ఓడించానని మూడుసార్లు చెప్పాడు. తర్వాత రేకుల షెడ్డులో చాయ్ తాగుతూ, "బాషా, ఆర్డరు నీకే. కానీ యార్డులో ఈ పెద్దమనిషే ఉండాలి," అన్నాడు.

విజయరత్నానికి ఒళ్ళంతా సంతోషమే. వంటింటి గోడకు ఒకే గడియారం, దాని కింద ఇద్దరికీ రెండు కంచాలు, మంగళవారం కూడా ఇంట్లోనే భోజనం. ఇదంతా కళ్ళ ముందు కదులుతుండగానే తెల్ల యూనిఫాంలో దయాకుమారి టాక్సీ దిగింది. అందరికీ నమస్కారం పెట్టి, ఫహ్మీని హిందీలో ఆప్యాయంగా పలకరించింది.

"ఇరవై ఎనిమిది శాతమంటే కంగారు పడాల్సిన పని లేదు సార్. వెన్నుపూసేనా? నేల మీద కూర్చోకుండా ఉంటే చాలు."

షెడ్డులో చాయ్ చల్లారింది. హయాత్ బాషా నెమ్మదిగా తన స్టోర్‌కీపరు వైపు తిరిగాడు. "నువ్వు సున్నా అనింది దేన్ని గురించిరా?"

"ఒంటి సంగతి సార్. మెడికల్ రిపోర్టు గురించి అడిగారనుకున్నా."

"ఈ కర్ర ఎప్పుడన్నా పట్టినావా?"

"పైపు పట్టానండి. ఎలుక కోసం."

యార్డు పోయింది, ఉద్యోగం కూడా పోయేలాగే ఉంది అనుకుని విజయరత్నం భార్య వైపు చూడలేక తల దించుకున్నాడు. అంతలో ఫహ్మీ ఫోన్ మోగింది. తమ్ముడే. చుట్టాలందరినీ పోగుచేసి, అభినందనలు చెప్పించడానికి మళ్ళీ చేశాడు. తెలుగు రాకపోయినా సంగతి పట్టేసిన ఫహ్మీ ఫోన్ వైపు చూశాడు, విజయరత్నం వైపు చూశాడు, మోగుతున్న ఫోన్‌ను బోర్లా పెట్టాడు.

"బాషా, మీవాడి హ్యాండిక్యాప్ ఎంత?"

"సున్నా సాబ్," అన్నాడు హయాత్ బాషా తడుముకోకుండా.

"నువ్వు చెప్పు హబీబీ."

"సున్నానే సార్," అన్నాడు విజయరత్నం. అది నిజం కూడా.

"ఖలాస్. ఈ వారమే ఇక్కడికి వచ్చెయ్. అబుదాబిలో ఉంటే పదిమంది నోళ్ళలో పడతావు. నాతో తప్ప ఎవరితోనూ ఆడొద్దు." ఆ మాట అన్నాక ఫహ్మీ ఫోన్ ఎత్తి, అభినందనలు హుందాగా అందుకున్నాడు. హయాత్ బాషా జుమ్మా నమాజుకు టైమవుతోందని తొందరగా లేచి, దయాకుమారి తెరిచిన డబ్బాలోంచి ఓ చేపముక్క మాత్రం తీసుకున్నాడు.

ఆ ఇద్దరు పెద్దమనుషులకూ లోపం వెన్నుపూసలో లేదనీ, అసలు ఎక్కడుందో కూడా దయాకుమారికి అప్పుడే తెలిసిపోయింది. కానీ రోగుల గుట్టు కాపాడే నర్సు కనుక బయట ఎవరికీ చెప్పలేదు.