ట్యాంకెక్కిన తనిఖీ

ఎలుగుబంటికి భయపడే మనిషి మా ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. భద్రాచలం అడవి అంచు ఊరు కదా, ఇక్కడ ఎలుగే మమ్మల్ని చూసి దారి ఇస్తుంది. ఇక నా సంగతైతే చెప్పనే అక్కర్లేదు.

ఆ ఉదయం ఊరివాళ్లు అనుకున్నది చాలా చిన్న పని. నర్సరీ మొక్కలకు నీళ్లు పట్టాలి, చూడవచ్చే రేంజర్ అరుణశ్రీకి చాయ్ ఇవ్వాలి. ఆమెకు నచ్చితే ఈ వానలకు అడవిలో నాటే మొక్కలన్నీ మావే. నచ్చకపోతే ఆ పని పట్నం కంట్రాక్టరుకు పోతుంది, మా ఆడవాళ్లు ఎండాకాలమంతా మోసిన నీళ్లు నేలపాలు. నర్సరీ పెద్ద జంపక్క కొత్త సంచుల కోసం తొలి బస్సుకే భద్రాచలం వెళ్లింది.

ఆమె మొగుడు ముత్యాలు పైపు పట్టుకుని గేటు తీశాడు. ఎదురుగా ఎలుగు పెంట. అదీ ఒక్క కుప్ప కాదు. పైపు అక్కడే పడింది, ముత్యాలు మాత్రం అజ్మల్ చాయ్ హోటల్ దగ్గర తేలాడు.

"ఎలుగు! నర్సరీల ఎలుగు!"

"నువ్వు చూసినవా మామా?" అన్నాడు అజ్మల్.

"చూసుడేందిరా, గంత పెంట పెట్టింది! ఒక్కదానితోని అయ్యే పని కాదది."

అజ్మల్ షట్టర్ దించేశాడు. ఆటో చందర్ నోట్లో పడేసరికి ఆ ఎలుగుకు రెండు పిల్లలు పుట్టాయి; బడి దాకా వెళ్లేసరికి ఆ పిల్లలూ పెద్దవయ్యాయి. డప్పులు మోగాయి, పటాకులు పేలాయి. ఆ చప్పుడుకు బెదిరిన మేకల మంద, ముత్యాలు తెరిచి వదిలిన గేటులోంచి నర్సరీలో దూరింది. లోపల ఏదో కదలగానే "అగో, అచ్చింది!" అని ఎవరో అరిచారు. మగవాళ్లంతా నీళ్ల ట్యాంకు ఎక్కేశారు.

సరిగ్గా అప్పుడే రేంజర్ జీపు ఆగింది. దారిలో ఎక్కించుకున్నారట, జంపక్క కూడా అందులోంచే దిగింది.

"ఏంది గిది? మొక్కలు మేకలకు ఇడిసిపెట్టి మీదికెక్కి కూసున్నరు?"

"జంపా, లోపలికి పోకు! ఎలుగున్నది!" పైనుంచి ముత్యాలు కేక.

జంపక్క కట్టె తీసుకుని లోపలికెళ్లి, మేకలు ముందు వరుస కొరికేలోపే తరిమేసింది. వస్తూ వస్తూ పిడికెడు పెంట తెచ్చింది.

"గిదేనా నీ ఎలుగు? తునికి పండ్లు తిన్నదని నేనే ఏరుకొచ్చి ఎండేసిన. దాని కడుపులకెళ్లి వచ్చిన గింజ జల్దీ మొలుస్తది."

"ఒక మాట చెప్పిపోవద్దా?"

"పొద్దుగాల లేచి నీకు పెంట ముచ్చట చెప్పుకుంట కూసుంటే బస్సు ఆగుతదా?"

మగవాళ్లు తలలు దించుకుని ఒక్కొక్కరే దిగారు. రేంజర్ నవ్వు ఆపుకుని, "మంచి పని చేస్తున్నవ్ జంపక్కా. గింత పెంట కోసం అడవిల ఎంత దూరం పోతవ్?" అంది.

"అడివిదాకా ఎందుకు మేడం? నిన్న పొద్దుగాల అజ్మల్ హోటల్ ఎనకనే దొరికింది. తాజాగ ఉండె."

అందరి కళ్లూ హోటల్ వైపు తిరిగాయి. మరుక్షణం ట్యాంకు మళ్లీ నిండింది. ఈసారి అందరికంటే ముందు పైకి చేరింది రేంజరే. అక్కడినుంచి నర్సరీ మొత్తం కనిపించింది. నల్లమద్ది, ఉసిరి, ఇప్ప, తునికి, చివరి వరుస దాకా పచ్చగా. "అడవికి మొక్కలు మీవే!" అని పైనుంచే తేల్చేసింది. కింద జంపక్క ఒక్కతే తొట్టి ముందు కూర్చుని గింజలు కడుగుతోంది.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. అందరికంటే ముందు పైనున్నది రేంజర్ కాదు, నేను. మొదటిసారి ఎక్కినవాణ్ణి అసలు దిగనే లేదు.