మరకలు తీసే ఇల్లు

ఆ రోజు పొద్దున లాండ్రీ బాబాయి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆఫీసు దగ్గరికి వెళ్ళి, కమిటీవాళ్ళను వెంటబెట్టుకొచ్చి, ఇంటి గోడ మీది పగులు చూపించడం. అంతే. పగులు ఎక్కడికీ పారిపోదు కదా అని ఆయన ధీమా.

వీధి చివరి ఇల్లు ఆయనది. వీధంతా ఆయన్ను బాబాయి అని, ఆయన భార్యను పిన్ని అని పిలుస్తుంది. ఇంటి వెనకే కొండ. ఆ కొండ కింద రాగి ఉందనీ, భూమి లోపల సొరంగాలు తవ్వి తీస్తామనీ ఒక కంపెనీ దిగింది. "అంతా లోలోపలే. పైన చీమ కూడా కదలదు" అని మీటింగులో హామీ ఇచ్చింది. చీమల సంగతి ఎవరికీ తెలియదు గానీ, పరీక్ష కోసమని బోర్లు దింపి, లోపల మందుగుండు తూటాలు పేల్చేసరికి బాబాయి ఇంటి గోడ నిలువునా చీలింది. పెరట్లో బావి అడుగంటింది. మిగిలిన కాసిన్ని నీళ్ళూ తుప్పు రంగుకు తిరిగాయి. లాండ్రీకి నీళ్ళే పెట్టుబడి. తెల్ల చొక్కా ఇస్తే గోధుమరంగు చొక్కా తిరిగొస్తుంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు? సగం మంది మానేశారు, మిగిలిన సగం తిట్టి మానేశారు.

బాబాయి వీధివాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చాడు. గనికి పర్యావరణ అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే కమిటీ, కొండకు అన్నిటికన్నా దగ్గరున్న ఇల్లు చూసి నిర్ణయిస్తామంది. అంటే వీధి మొత్తానికి నీళ్ళు ఉంటాయా లేదా అన్నది ఆ ఒక్క ఇంటి మీద ఆధారపడింది.

ఇంత సంగతిని బాబాయి పిన్నికి ఎలా చెప్పాడయ్యా అంటే, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ చెప్పాడు.

"ఏమే, ఇవాళ పెద్దవాళ్ళు వస్తున్నారు. గోడలు, బావి, దండెం, అన్నీ చూస్తారు. జాగ్రత్త."

"ఎవరండీ వచ్చేది?"

"వచ్చాక చూస్తావుగా!"

బయటి వ్యవహారాలు ఇంట్లో చెప్పకపోవడం ఆయనకు పెళ్ళినాటి నుంచీ అలవాటు. చెప్పకపోతే ఆవిడ ఊహించుకోవడం ఆవిడకూ అప్పటి నుంచే అలవాటు. పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే కాంట్రాక్టు కోసం బాబాయి కొన్నాళ్ళుగా తిరుగుతున్నాడు. గోడలు, బావి, దండెం చూడటానికి ఇంకెవరొస్తారు? ఆసుపత్రివాళ్ళే! దేవుడు ఇన్నాళ్ళకి కళ్ళు తెరిచాడనుకుంది పిన్ని. కళ్ళు తెరిచి ఇల్లు చూస్తే ఆవిడ గుండె గుభేలుమంది.

వెంటనే తమ్ముడికి ఫోను కొట్టింది. అతను తాపీమేస్త్రీ.

"ఒరేయ్, తట్టా తాపీ పట్టుకుని ఉన్నపళంగా రా!"

తమ్ముడొచ్చి పగులు చూసి తల గోక్కున్నాడు. "అక్కా, ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు. చెక్కాలి, తడపాలి, పూశాక ఆరాలి."

"ఆరబెట్టడం నేను చూసుకుంటాలే. నువ్వు పుయ్యి."

అతను సిమెంటు పూసి, పైన సున్నం కొట్టాడు. పిన్ని పాత పంచె నాలుగు మడతలు పెట్టి గోడకు ఆనించి, దాని మీద ఇస్త్రీ పెట్టె పెట్టి రుద్దింది. గోడకు ఇస్త్రీ చేసిన మనిషి లోకంలో ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది. బుస్సున ఆవిర్లు లేచాయి. తమ్ముడు దణ్ణం పెట్టేసి, ఇంకో పని ఉందంటూ జారుకున్నాడు.

తర్వాత బావి. అడుగున తుప్పునీళ్ళు చూస్తే ఆసుపత్రివాళ్ళు వెనక్కి తిరిగి చూడకుండా పోతారు. ఎదురింటాయన ట్యాంకర్ డ్రైవరు. అప్పుడే బండి తీస్తున్నాడు.

"బాబూ, ఆ నీళ్ళు కాస్త మా బావిలో పోసి పోదూ!"

"బావిలోనా! పిన్నీ, బావిలోంచి నీళ్ళు తోడతారు గానీ బావిలో పోస్తారా ఎక్కడైనా?"

"మీ పిల్లల బట్టలు నెల రోజులు ఊరికే ఉతికిపెడతాలే."

ట్యాంకరు ఖాళీ అయింది. చాలా రోజుల తర్వాత బావిలో పిన్ని మొహం పిన్నికి కనిపించింది. ఆ నీళ్ళను చూస్తూ ఆవిడ కాసేపు ఉత్తినే నిలబడిపోయింది.

ఇక మిగిలింది దండెం. దాని మీద బాబాయి నిన్న స్వయంగా ఆరేసిన మూడు చొక్కాలున్నాయి. మూడూ తుప్పు మరకలే. కమిటీకి చూపించాలని ఆయన ఏరి ఏరి ఆరేశాడు. పిన్నికి అది తెలియదు. తెలిసినా ఊరుకునేదని చెప్పలేం, మరక కనిపిస్తే తియ్యకుండా ఉండలేని చెయ్యి ఆవిడది. నిమ్మకాయ, ఉప్పు పట్టించి, ట్యాంకరు నీళ్ళలో ముంచి ఉతికితే మూడూ మల్లెపువ్వుల్లా తెల్లగా వచ్చాయి.

సరిగ్గా అప్పుడే కమిటీ వచ్చింది. ముందు కమిటీ పెద్ద, కళ్ళజోడు మేడమ్. వెనక ఇద్దరు ఆఫీసర్లు. వాళ్ళ వెనక కంపెనీ మనిషి. అందరికన్నా ముందు బాబాయి, చేతులూపుకుంటూ.

"నా అరచెయ్యి దూరేంత పగులండీ! మీరే చూద్దురు గానీ..." అంటూ గోడ వైపు చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

గోడ తెల్లగా, నున్నగా, కాస్త వెచ్చగా ఉంది.

"ఎక్కడండీ?" అంది మేడమ్.

"ఇక్కడే... పొద్దున్న ఉంది..."

కంపెనీ మనిషి మర్యాదగా దగ్గాడు. బాబాయి వాళ్ళను బావి దగ్గరికి లాక్కెళ్ళాడు. నీళ్ళు చేతికందేంత పైకి ఉన్నాయి. ఆఫీసరొకడు సీసాలో పట్టుకుని వెలుతురుకెత్తి చూశాడు. గాజు ఏదో నీళ్ళేవో తెలియలేదు. "బోర్లు వేశాక కొత్త ఊట పడిందేమో మేడమ్" అన్నాడు కంపెనీ మనిషి. దండెం సంగతి చెప్పనక్కర్లేదు. ఆ చొక్కాల తెలుపుకు మేడమ్ కళ్ళజోడు సర్దుకోవలసి వచ్చింది.

బాబాయికి ఒళ్ళు మండింది. జేబులోంచి తాళంచెవి తీసి గోడను గీకడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"పగులు చూపిస్తున్నానండీ!"

"చూపిస్తున్నారా, చేస్తున్నారా?"

పైన ఆరి లోపల తడిగా ఉన్న సిమెంటు పెచ్చు ఊడి ఆయన పాదం మీద పడింది. కంపెనీ మనిషి టక్కున ఫొటో తీసుకున్నాడు, బాబాయి చేతిలో తాళంచెవితో సహా.

అప్పటికి పిన్నికి వచ్చినవాళ్ళెవరో అర్థమైంది. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. తూటాలు పేలినప్పుడు కూడా ఆవిడకు అంత భయం వెయ్యలేదు.

"మేడమ్, తప్పు నాదండీ! పగులు నేనే పూయించాను. ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టాను. ఆ నీళ్ళు మా బావివి కావండీ, ట్యాంకరువి!"

మేడమ్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "ఇస్త్రీ పెట్టెతో గోడ ఆరబెట్టారా అమ్మా? బావిలో ట్యాంకరు నీళ్ళు పోశారా? మీ ఆయన పరువు కాపాడాలనుకోవడం మంచిదే. కానీ అబద్ధం కూడా కాస్త నమ్మేలా ఉండాలి కదా."

"కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి! ఎదురింటాయన్ని అడగండి!"

తమ్ముడు ఏ ఊళ్ళో ఏ గోడ కడుతున్నాడో. ఎదురింటాయన మళ్ళీ నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళాడు. కమిటీకి భోజనానికి ఆలస్యమవుతోంది. కొండను తవ్వకముందే ఎలుకను పట్టినట్టు, వాళ్ళు బాబాయి మోసం పట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇద్దరూ బావి గట్టు మీద కూర్చున్నారు. నీళ్ళు అప్పుడే ఇంకిపోతున్నాయి.

"ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేదండీ? ఇల్లు ఊడ్చేదాన్ని కూడా కాదు."

"చెప్పాల్సింది. వీధంతా తిరిగి అందరికీ చెప్పాను, ఇంట్లో చెప్పలేదు" అన్నాడు బాబాయి. పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వీధివాళ్ళు ఒక్కరూ వాళ్ళను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇద్దరికీ అనిపించింది.

అనుమతి వచ్చింది. గని మొదలైంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని సామెత చెప్తారు గానీ, అందులో కాపురం పెట్టింది మాత్రం వీళ్ళిద్దరే. నుయ్యి పూర్తిగా ఎండింది. పగులు సున్నాన్ని చీల్చుకుని మళ్ళీ బయటికొచ్చింది, ఈసారి బాబాయి మోచెయ్యి దాకా దూరేంత. వీధిలో ఒక్కొక్కరే ఇల్లు ఖాళీ చేశారు. లాండ్రీ బోర్డు దింపి బాబాయి ఎదురింటి ట్యాంకరు మీద సాయానికి వెళ్తున్నాడు.

ఏడాదికోసారి తనిఖీకి వస్తామన్న కమిటీ మాట ప్రకారం వచ్చింది. ఈసారి పిన్ని పొరపాటు చెయ్యలేదు. చీపురు దాచేసింది. సాలెగూళ్ళు, సిమెంటు పెచ్చులు, తుప్పు చారల బట్టలు, ఎక్కడివక్కడే ఉంచింది. తమ్ముణ్ణి వీధి మొదట్లోనే ఆపేసింది. గుమ్మంలో నిలబడి, ఒళ్ళంతా చెవులు చేసుకుని, మేడమ్ మాటల కోసం ఎదురుచూసింది. తుడవకుండా ఆ ఇంట్లో అన్నాళ్ళు ఉండటం ఆవిడకు ఎంత కష్టమో బాబాయికి తెలుసు.

మేడమ్ గోడ చూసింది, బావి చూసింది, దండెం చూసింది. నిట్టూర్చి, పక్కనున్న ఆఫీసరుతో మెల్లగా రాయించింది.

"పోయిన ఏడు ఇదే ఇల్లు అద్దంలా ఉంది. ఇంటివాళ్ళు బాగోగులు పట్టించుకోకపోవడం వల్లే గోడలు ఇలా పాడయ్యాయి. గనికి సంబంధం లేదు."

బాబాయి నోరు తెరవబోయాడు. పిన్ని ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపడం ఆవిడకు చేతకాదు. అలవాటు చొప్పున లోపలికెళ్ళి, ఉన్న నీళ్ళే గ్లాసులో పోసి తెచ్చింది.

"వద్దమ్మా" అంది మేడమ్, సంచీలోంచి సీసా తీసుకుంటూ, "ఈ చుట్టుపక్కల నీళ్ళు తాగొద్దని మాకు ఆఫీసులో చెప్పే పంపారు."