అట్ట వెనక నాలుగు మాటలు

“చదవడమంటే ఊపిరి పీల్చుకోవడం, రాయడమంటే ఊపిరి వదలడం! ఈ రెండింటిలో ఒకటి మానేసిన రచయిత ఎంతసేపు బతుకుతాడో మీరే ఆలోచించండి!”

ఈ మహావాక్యాన్ని నవలా రచయిత ఆర్విడ్ సాండల్ ఉత్తర మిన్నెసోటాలో ఇప్పటికి నలభై ఒక్క వేదికల మీద ప్రకటించాడు. పొద్దున నాలుగు గంటలు రాత, మధ్యాహ్నం నాలుగు గంటలు చదువు. వారానికి రెండు పుస్తకాల చొప్పున ఏడాదికి నూటనాలుగు! డిసెంబరు ఆఖరి రోజున ఆ నూటనాలుగింటి జాబితా బయటపెట్టేవాడు. అది చూసి చుట్టుపక్కల రచయితలంతా సిగ్గుపడి, జనవరి మొదటి వారం దాకా చదువుకునేవారు.

ఇందులో చిక్కు ఒక్కటే. ఆర్విడ్ ఒక పుస్తకం పూర్తిగా చదివి పదకొండేళ్ళయింది.

అది అతని తప్పంటే అన్యాయం. ఏడాదికో నవల రాయాలి. రాసినదాని గురించి ఊరూరా తిరిగి చెప్పాలి. ఆపైన ‘రాస్తూ చదవడం ఎలా?’ అనే ప్రసంగం. ఆ ప్రసంగానికి మెరుగులు దిద్దుకోవడానికే మధ్యాహ్నాలు సరిపోయేవి. చదువు గురించి చెప్పీ చెప్పీ చదవడానికి తీరిక లేకుండా పోయిన మనిషిని బద్ధకస్తుడని ఎవరనగలరు? పైగా అతను బొత్తిగా చదవకుండానూ లేడు. ప్రతి పుస్తకానికీ వెనక అట్ట మీద సాటి రచయితలు రాసే మెచ్చుకోలు మాటలుంటాయి కదా, వాటిని మాత్రం శ్రద్ధగా చదివేవాడు. ఆ సాటి రచయితలు కూడా తీరిక లేనివాళ్ళే!

అతను కూడా అలాంటి మాటలు అడిగినవాళ్ళందరికీ రాసిచ్చేవాడు. పుస్తకం సన్నగా ఉంటే, ‘ఒక్క మాట కూడా వృథా కాలేదు.’ లావుగా ఉంటే, ‘అప్పుడే అయిపోయిందా అనిపించింది.’ రాసిన మనిషి తెలిసినవాడైతే, ‘ఇందులో ఒక్క అబద్ధం లేదు. ప్రతి పేజీకీ నేను సాక్షిని!’

రెండు వారాలకోసారి గురువారం నాడు లూథరన్ చర్చి ముందు జిల్లా గ్రంథాలయం వారి పుస్తకాల బండి ఆగేది. ఆర్విడ్ పదిమంది చూస్తుండగా నాలుగు పుస్తకాలు తిరిగిచ్చి, నాలుగు పుస్తకాలు చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. బండి నడిపేదీ, పుస్తకాల మీద గడువు ముద్ర వేసేదీ లొరెయ్న్ మాకెలా. ముప్ఫై ఏళ్ళుగా ఆమెదే ఆ పని. ఇరవై రెండేళ్ళుగా ఆమెకు ఇంకో పని కూడా ఉంది. ఆర్విడ్ రాసిన ప్రతి నవలనీ అచ్చుకు ముందు రెండుసార్లు చదివి, పెన్సిల్‌తో తప్పులు గుర్తు పెట్టడం. మూడో అధ్యాయంలో చచ్చిపోయిన కుక్క తొమ్మిదో అధ్యాయంలో మొరుగుతోందని కనిపెట్టింది ఆమే. జీతం లేని కొలువు. స్నేహం కదా మరి!

ఒక గురువారం ఆమె ఒక కాగితాల కట్ట అతని చేతిలో పెట్టింది.

“ఆర్విడ్, నేను కూడా ఒకటి రాశాను.”

“నువ్వా! బండి నడుపుతూనా?”

“బండి ఆగినప్పుడు.”

“ఓర్నీ! ఇన్నాళ్ళూ చెప్పనేలేదే! ఇదుగో, నీ మొదటి పాఠకుణ్ణి నేనే. మాటంటే మాటే.”

“తొందరేం లేదు. కానీ పూర్తిగా చదువు. మెచ్చుకోనక్కర్లేదు. తిట్టినా సరే. నువ్వొక్కడివి చదివితే నాకు చాలు.”

ఆ మాట అంటున్నప్పుడు లొరెయ్న్ అతని వైపు చూడలేదు, స్టీరింగు వైపు చూసింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. అరవై ఒకటో ఏట మొదటి నవల రాసిన మనిషికి అంత భయం సహజమే. ఆర్విడ్‌కి అది కనబడలేదు. నాలుగు పుస్తకాలూ కిందపడకుండా చూసుకుంటున్నాడు.

కట్ట మీద ‘బండి ఆగిన చోట్లు’ అని ఉంది. ఇంకేముంది, మంచూ రోడ్లూ దుప్పులూ ఉంటాయని అతను ఊహించేశాడు. నిజంగా చదవాలనే అనుకున్నాడు, ఆ కట్ట తన బల్ల మీదే పెట్టుకున్నాడు. ఆ నెలలో ఆరు ప్రసంగాలు పడ్డాయి. ఏడో వారంలో దులూత్ పట్టణం నుంచి చిన్న ప్రచురణకర్త ఒకాయన ఉత్తరం రాశాడు. లొరెయ్న్ నవల వేస్తున్నామని, శుక్రవారంలోగా వెనక అట్టకి నాలుగు మాటలు కావాలని! ఆర్విడ్ ఆమె తనకు తెలిసిన మనిషి కనుక మూడో రకం మాటలు పంపించి నిట్టూర్చాడు.

లొరెయ్న్ ఫోన్ చేసింది.

“అట్ట మీదికి నువ్వు పంపిన మాటలు చూశాను. చదివావా, ఆర్విడ్?”

“చదవకుండా రాస్తానా! ఏడ్చేశాననుకో.”

“ఎక్కడ?”

“అదే... నడిమధ్యలో. ఆ మంచు తుఫాను దగ్గర.”

“మంచు తుఫాను దగ్గరా? సరేలే,” అని ఫోన్ పెట్టేసింది.

నవలంతా జులై నెలలో జరుగుతుందన్న సంగతి ఆర్విడ్‌కి తెలియదు.

పుస్తకావిష్కరణ చర్చి నేలమాళిగలో, శనివారం మధ్యాహ్నం. పెద్ద పాత్రలో కాఫీ, పళ్ళెంలో నిమ్మకాయ కేకు ముక్కలు, అరవై మంది జనం. అదే సభలో ఆర్విడ్‌ని ‘జిల్లా పఠన రాయబారి’గా ప్రకటించడానికి గ్రంథాలయ సంఘం అధ్యక్షురాలు బెర్నిస్ ఓస్త్‌బి పటం కట్టించిన పత్రంతో వచ్చింది. ఆ పదవి కోసం ఆర్విడ్ మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

ఆ ఊరి మర్యాద గురించి ఒక్క ముక్క చెప్పాలి. అక్కడ ఎవరూ ఎవరినీ ముఖం మీద ఏమీ అనరు. సూప్ మాడిపోతే ‘వేరేగా ఉంది’ అంటారు. అంతకు మించిన తిట్టు వాళ్ళకి తెలియదు. పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. సగం కోసుకుని సగం వదిలేస్తారు. తర్వాతివాడు ఆ సగంలో సగం కోసుకుంటాడు. సభ ముగిసే సరికి పళ్ళెంలో ఆవగింజంత మర్యాద మిగిలి ఉంటుంది.

“ఆర్విడ్ గారూ, అట్ట మీద అంత గొప్పగా రాశారు! మొదటి పేజీ మీ నోటే వినాలని అందరికీ ఉంది,” అంది బెర్నిస్.

“మొదటి పేజీయా! నాకు దాదాపు కంఠతా వచ్చు!” అని ఆర్విడ్ పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు.

“‘ఆర్విడ్‌కి అంకితం. నువ్వు దీన్ని చదవవు. చదివిన రోజున కాఫీ ఖర్చు నాది.

‘మా బండి దగ్గరికి ఒక రచయిత వచ్చేవాడు. అతని పేరు చెప్పకూడదు. ఎవరేం చదువుతారో బయటపెట్టకూడదని మా గ్రంథాలయ నియమం. అందుకే దీన్ని నవల అంటున్నాను. అతను తీసుకెళ్ళే ప్రతి పుస్తకంలోనూ నలభయ్యో పేజీ దగ్గర నేనొక చీటీ పెట్టేదాన్ని. ఇది కనబడితే చెప్పండి, కాఫీ ఇప్పిస్తాను అని. పదకొండేళ్ళు గడిచాయి. ఒక్క కాఫీ కూడా ఇప్పించాల్సిన అవసరం రాలేదు...’”

రెండో వాక్యానికి గొంతు తగ్గింది. చీటీ దగ్గరికొచ్చేసరికి గుసగుస అయింది. అయినా చివరిదాకా చదివాడు. వేదిక మీద మధ్యలో ఆపే అలవాటు అతనికి లేదు.

మూడో వరసలో, చెవులు సరిగ్గా వినబడని ముసలి టోయ్‌వో ఏం జరిగిందో తెలియక పుస్తకం తిరగేసి, వెనక అట్ట మీది మాటలు బిగ్గరగా చదివాడు. “ఇందులో ఒక్క అబద్ధం లేదు. ప్రతి పేజీకీ నేను సాక్షిని! ఆర్విడ్ సాండల్.”

లొరెయ్న్ లేచింది. ఆమె మొహంలో గెలిచిన సంతోషం లేదు. “నువ్వు చదువుతావనే అనుకున్నాను, ఆర్విడ్. చదివి కోప్పడతావని, ఆ పేజీ చింపెయ్యమంటావని ఎదురుచూశాను. చింపేసేదాన్ని,” అంది. కాఫీ ఒక కప్పులో వంచి అతని ముందు పెట్టింది. “మొదటి పేజీ అయితే చదివావు కదా. మాటంటే మాటే.”

ఆర్విడ్ చెవులు ఎర్రబడ్డాయి. అందరూ బెర్నిస్ వైపు చూశారు.

“ఇది...” అంది బెర్నిస్, “...వేరేగా ఉంది.”

సభ ఉలిక్కిపడింది! అంత మాట ఆమె నోట ఎవరూ ఎన్నడూ వినలేదు. కానీ పత్రం పటం కట్టించి ఉంది, ఆర్విడ్ పేరు రాయించి ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషికి ‘ఇవ్వం’ అని చెప్పడం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు. బెర్నిస్ రెండుసార్లు దగ్గింది.

“తాను చదవలేదని, తన నోటితో, ఇంతమందిలో ఒప్పుకున్న రచయితని నేనెక్కడా చూళ్ళేదు! ఎంత ధైర్యం!”

బతికాంరా దేవుడా అనుకుని అరవై మందీ చప్పట్లు కొట్టారు. పత్రం ఆర్విడ్ చేతిలోకి వచ్చింది. లొరెయ్న్ పళ్ళెం దగ్గరికి వెళ్ళి, ఆఖరి నిమ్మకాయ కేకు ముక్కని కోయకుండా మొత్తం తీసుకుని తినేసింది.

ఆ తర్వాత ఆర్విడ్ జాతకమే మారిపోయింది. ‘చదవని రచయిత ఒప్పుకోలు’ అన్న కొత్త ప్రసంగానికి పక్క రాష్ట్రాల నుంచి కూడా పిలుపులు! “అబద్ధం మానేసిన రోజునే నేను మళ్ళీ చదువరినయ్యాను!” అని లొరెయ్న్ పుస్తకాన్ని పైకెత్తి చూపిస్తే జనం కళ్ళు తుడుచుకునేవారు. ఆ పుస్తకం గ్రంథాలయం ప్రతి. ఆవిష్కరణ తర్వాతి గురువారం లొరెయ్నే ముద్ర వేసి ఇచ్చింది. ఏడాది పొడుగునా గడువు పెంచుతూ వచ్చింది.

మరుసటి ఏడు జూన్‌లో ఒక గురువారం అతను దాన్ని బండి దగ్గరికి తెచ్చాడు.

“అద్భుతం, లొరెయ్న్! ఈసారి నిజంగా చదివాను. చివరిదాకా!”

ఆమె అతని మొహంలోకి చూసింది. నమ్మాలని ఆమెకు ఎంతో ఉంది. పుస్తకం తీసుకుని, అతనికి కనబడకుండా కిటికీ కిందికి వంచి నలభయ్యో పేజీ తెరిచింది. ఏడాది క్రితం తను రాసిపెట్టిన చీటీ, మడత కూడా నలగకుండా, పెట్టినచోటే ఉంది. ‘ఇక్కడిదాకా వచ్చావా? అయితే నిన్ను క్షమించేశాను.’

ఆమె చీటీని అక్కడే ఉంచి పుస్తకం మూసింది. గడువు ముద్ర మళ్ళీ వేసి అతని చేతికిచ్చింది.

“ఇంకో రెండు వారాలు ఉంచుకో, ఆర్విడ్.”

“ఎందుకూ? అయిపోయిందిగా!”

“ఉంచుకో,” అంది.