కుర్చీలోంచి కనిపెట్టిన రాయి

ఇకమీదట భూమి అడుగున ఏముందో తెలుసుకోవడానికి ఎవరూ కుర్చీలోంచి లేవనవసరం లేదని గనుల మంత్రిగారు ప్రకటించినప్పుడు, హాల్లో అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. భూగర్భ సర్వే ఆఫీసులో రాళ్ళ మ్యాపులు గీసే ఉద్యోగం నాది. సుత్తి భుజాన వేసుకుని కొండలెక్కి దిగినందుకు ప్రభుత్వం నాకిచ్చింది ఒక ప్రమోషను, రెండు మోకాళ్ళ నొప్పులు. కాబట్టి ఆ చప్పట్లలో కల్తీ ఏమీ లేదు.

ఆ హాలు ఒకప్పుడు మా రాళ్ళ గది. నలుమూలల నుంచీ మోసుకొచ్చిన నమూనా రాళ్ళు అరల నిండా ఉండేవి. ఒక్కో రాయి మీద తెల్ల పెయింటు మచ్చ, దాని మీద నల్లటి నంబరు. నంబర్లు వేసే పని నాది, నా రాత ముత్యాల్లా ఉంటుందని డైరెక్టరు గారి నమ్మకం. రాళ్ళకి ఏసీ గది దేనికని మంత్రిగారు అంతకుముందెప్పుడో వచ్చినప్పుడు అడిగేసరికి, గేటు ముందు లారీలు ఆగాయి. ఎక్కడ పొయ్యమంటారని డ్రైవరు నన్నే అడిగాడు. ఎవరి కంటికీ కనబడని చోట పొయ్యమన్నాను. చెప్పినట్టే చేశాడు, మళ్ళీ వాటిని ఎవరూ చూడలేదు.

ఇక పథకం సంగతి. రాయి అరిగి అరిగి మట్టి అవుతుంది, కాబట్టి మట్టిని బట్టి కింద ఏ రాయి ఉందో చెప్పొచ్చు. నేలల సర్వే వాళ్ళు పాపం ఎండనపడి తిరిగి, అడుగడుగునా తవ్వి చూసి, కొత్తగా మట్టి మ్యాపు తయారుచేశారు. దాన్ని ఎదర పెట్టుకుని మేం రాళ్ళ మ్యాపు గీసేయడమే. పద్ధతి మంచిదే. కాకపోతే మిగతా చోట్ల గీశాక ఒకసారి వెళ్ళి చూసొస్తారు. ఆ ఆఖరి పని దండగని మంత్రిగారు ఇట్టే కనిపెట్టి, మా జీపులకి డీజిలు ఆపించారు. అంత చురుకైన బుర్ర మా శాఖలో ఎవరికీ లేకపోయింది.

నా కుర్చీకి కొత్త దిండు వేయించుకుని పని మొదలుపెట్టాను. ఊరి బయట ఒక చోటికి వచ్చేసరికి నా పెన్సిలు ఆగింది. అక్కడ పైన పల్చటి మట్టి, జానెడు లోతులోనే రాయి అని మట్టి మ్యాపు చెబుతోంది. అదీ ఒక రకం కాదు. గ్రానైటు, సున్నపురాయి, ఇసుకరాయి, పాలరాయి, అన్నీ పక్కపక్కనే. ఇలాంటిది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పూర్వమైతే అనుమానం వచ్చి జీపెక్కేవాణ్ణి. ఇప్పుడు డీజిలు లేదు కాబట్టి ఆనందం వచ్చింది.

డైరెక్టరు గారికి చూపించాను.

"ఓసారి వెళ్ళి చూద్దామాండీ?"

"చూశాక లేకపోతే?"

ఆయన డైరెక్టరు ఎందుకయ్యారో, నేనెందుకు కాలేదో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆ చోటికి మహా శిలాసంగమం అని పేరు పెట్టి ఫైలు పైకి పంపాం. అన్ని ప్రాంతాల రాళ్ళూ గొడవ పడకుండా ఒకే చోట ఉంటున్నాయంటే అది తమ పాలన చలవేనని మంత్రిగారు సభలో చెప్పారు. ఇంత గట్టి నేలని ఖాళీగా ఉంచడం నేరమని, అక్కడే ఇళ్ళ కాలనీ కట్టాలని కూడా సెలవిచ్చారు.

ఆ కాలనీలో మా అక్కకి స్థలం వచ్చింది. పెళ్ళయిన నాటి నుంచీ అద్దె ఇళ్ళలో గిన్నెలు మోసుకు తిరిగిన మనిషి. సొంత గోడకి మేకు కొట్టుకోవాలన్నది ఆవిడ కోరిక, అంతకుమించి ఏమీ లేదు. సంతోషంలో ఇంటాయనకి ఖాళీ చేస్తున్నామని ముందే చెప్పేసి, నేరుగా మా ఆఫీసుకు వచ్చింది.

"మేస్త్రీ లోతు పునాది వెయ్యాలంటున్నాడురా. కింద రాయే అయితే పునాది తగ్గించి, ఆ మిగులుతో మేడ మీద ఒక గది వేసుకుంటాను. వేసుకోనా?"

"వేసుకో అక్కా. ఏనుగుని ఎక్కించినా కదలదు."

"ఒకసారి వెళ్ళి చూసి రారాదూ?"

"వెళ్ళి చూడక్కర్లేకపోవడమే అక్కా ఇందులో గొప్ప."

అక్క నా బల్ల మీది రంగు రంగుల మ్యాపుని, నా దిండునీ చూసింది. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పింది ఆవిడే, అయినా నన్ను నమ్మింది.

కాలనీ శంకుస్థాపనకి షామియానా వేశారు. మంత్రిగారు స్వయంగా గునపం ఎత్తి, మా అక్క స్థలంలోనే మొదటి పోటు పొడిచారు. ఖణేల్‌మంది. జనం చప్పట్లు, అందులో నావే ముందు. కళ్ళు చెమర్చాయి కూడా, అబద్ధం ఎందుకు. మంత్రిగారు ఆ రాయిని పెకలించి, మట్టి తుడిచి, కెమెరాల వైపు ఎత్తి పట్టుకున్నారు.

దాని మీద తెల్ల పెయింటు మచ్చ, మచ్చ మీద నల్లటి నంబరు ఉన్నాయి.

"చూశారా మా శాఖ ముందుచూపు," అన్నారు మంత్రిగారు మైకులో. "తవ్వకముందే నంబర్లు వేసేశారు."

మళ్ళీ చప్పట్లు. ఈసారి నా చేతులు లేవలేదు. రాయి తీసిన చోట నీళ్ళు ఊరుతున్నాయి. షామియానా రాట ఒకటి మెల్లగా ఒరుగుతుంటే డైరెక్టరు గారు దాన్ని పట్టుకుని, ఊరికే ఆనుకున్నట్టు నిలబడ్డారు.

మంత్రిగారు ఆ రాయిని జ్ఞాపికగా మా అక్క చేతికిచ్చి కారెక్కారు. అక్క దాన్ని కొంగుతో తుడిచి, నంబరు వంక చాలాసేపు చూసింది. నా చేత అంకెలు దిద్దించింది ఆవిడే. సిగ్గుతో నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది నెమ్మదిగా. "మరి ఈ రాళ్ళ కింద ఏముంది?"

నేను మ్యాపు విప్పి చూశాను. గట్టి రాయి అనే ఉంది.